చిన్న ల్యాప్‌టాప్ అంటే స్లో అని ఎవరు డిసైడ్ చేశారు? ఆస్బోర్న్ నుంచి జియోబుక్ దాకా

పోయిన నెలలో ఒకరోజు రాత్రి పదకొండింటికి మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, పడుకున్నావా?" అంది. లేదమ్మా చెప్పు అన్నాను. తనకి కొత్తగా ఆడిట్ ఉద్యోగం వచ్చింది. నెలలో 20 రోజులు ఊళ్లు తిరగాలి. పొద్దున వినుకొండ, సాయంత్రం మాచర్ల, అదీ పల్లెవెలుగు బస్సులో. ఆఫీసు వాళ్లు ల్యాప్‌టాప్ ఇవ్వరట, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. "నా దగ్గర 25 వేలే ఉన్నాయి. చిన్నది, తేలికది కావాలి. ఇది చూడు" అని ఒక లింక్ పంపింది. ఓపెన్ చేశాను. 11 అంగుళాల స్క్రీన్, కిలో బరువు, ధర పదిహేను వేల చిల్లర. కింద చిన్న అక్షరాల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ.

ఆ చివరి ముక్క చూడగానే నాకు 2016 గుర్తొచ్చింది. అప్పుడు నేను బీటెక్ సెకండ్ ఇయర్. నాన్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్మి వచ్చిన డబ్బుల్లోంచి పన్నెండు వేలు తీసి నా చేతిలో పెట్టారు. నేను అచ్చం ఇలాంటిదే కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు, చదవకుండా కొన్న నాది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. నాలుగు నెలలు బాగానే ఉంది. తర్వాత ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. అది ఇన్‌స్టాల్ అవ్వాలంటే ఖాళీ ఉండాలి, నా దగ్గర లేదు. ఫోటోలు తీసేశాను, పాటలు తీసేశాను, చివరికి కంపైలర్ కూడా తీసేశాను. అయినా జాగా చాల్లేదు. మినీ ప్రాజెక్ట్ రివ్యూ రోజు పొద్దున అది సగం అప్‌డేట్‌లో ఆగిపోయి కూర్చుంది. నేను ఫ్రెండ్ ల్యాప్‌టాప్ అడుక్కుని వెళ్లాను. ఇంట్లో నాన్న "ఎలా ఉందిరా?" అని అడిగితే "సూపర్ ఉంది" అన్నాను. ఇంకేమంటాం.

అందుకే ఈరోజు ఎపిసోడ్ రివ్యూ కాదు, హిస్టరీ. చిన్నది, చవకది, రెండూ కలిసిన ల్యాప్‌టాప్ మనకి ఎప్పుడూ ఎందుకు సరిగ్గా దొరకదు? దొరికినప్పుడు అందులోంచి ఏం తీసేస్తున్నారు, ఎవరు తీసేస్తున్నారు? ఇది తెలిస్తే మా చెల్లికి ఏం చెప్పాలో దానంతట అదే తేలుతుంది.

మొదలుపెట్టాల్సింది 1981 నుంచి. మనిషి పేరు ఆడమ్ ఆస్బోర్న్. పేరు వినగానే అమెరికా దొర అనుకుంటారు. కానీ ఆయన పుట్టింది బ్యాంకాక్‌లో, చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి మీద పుస్తకాలు రాసిన మనిషి. మన వాళ్లు గిరి ప్రదక్షిణకి బస్సులేసుకుని వెళ్తారే, ఆ అరుణాచలమే. ఆ వీధుల్లో తమిళం మాట్లాడుతూ పెరిగిన పిల్లాడు తర్వాత కాలిఫోర్నియాలో కూర్చుని, జనం కొనుక్కోగలిగే మొదటి పోర్టబుల్ కంప్యూటర్ అమ్మాడు. చివరి రోజులకి మళ్లీ మన వైపే వచ్చాడు. 2003లో కొడైకెనాల్‌లో పోయాడు. నాకు ఈ సంగతి ఎవరూ బీటెక్‌లో చెప్పలేదు.

ఆయన మెషీన్ పేరు ఆస్బోర్న్ 1. దాదాపు 11 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలో సగానికి కాస్త తక్కువ. పైన హ్యాండిల్ ఉంటుంది, మూస్తే కుట్టుమిషన్ పెట్టెలాగా ఉంటుంది. బ్యాటరీ లేదు, ఎక్కడికెళ్లినా ప్లగ్ వెతుక్కోవాల్సిందే. స్క్రీన్ 5 అంగుళాలు, అంటే ఇప్పుడు మీరు నన్ను చూస్తున్న ఫోన్ కంటే చిన్నది. అయినా అది విమానం సీటు కింద పడుతుంది అని ప్రచారం చేశారు, జనం ఎగబడి కొన్నారు. మంచి ఊపులో ఉన్న రోజుల్లో నెలకి 10 వేల మెషీన్లు అమ్ముడుపోయాయి.

ధర 1,795 డాలర్లు. మనకి ఎక్కువే అనిపిస్తుంది. కానీ దాంతో పాటు వర్డ్‌స్టార్, సూపర్‌క్యాల్క్, బేసిక్ అన్నీ పెట్టెలోనే వచ్చేవి. అవి విడిగా కొంటేనే చాలా డబ్బయ్యేది. ఆస్బోర్న్ చేసింది ఏంటంటే, కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. మార్కెట్‌లో అప్పటికే దొరికే చవక పార్టులు తీసుకుని, ఒక పెట్టెలో సర్ది, "దీంతో పని అయిపోతుంది, ఇంతకంటే గొప్పది అక్కర్లేదు" అన్నాడు. స్క్రీన్ మీద రాజీ పడ్డాడు, బరువు మీద రాజీ పడ్డాడు, చేయగలిగే పని మీద మాత్రం పడలేదు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రెండేళ్లకే, 1983 సెప్టెంబర్‌లో, కంపెనీ దివాలా తీసింది. కొత్త మోడల్ గురించి ముందే నోరు జారడంతో జనం పాతది కొనడం మానేశారని ఒక కథ. బిజినెస్ స్కూళ్లలో దీనికి ఆస్బోర్న్ ఎఫెక్ట్ అని పేరు కూడా పెట్టారు. అంత సింపుల్ కాదు, కేప్రో, కాంపాక్ లాంటి పోటీ వాళ్లు కూడా గట్టిగా కొట్టారు అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది.

ఈలోపు జపాన్‌లో వేరే దారి. ఎప్సన్ వాళ్ల హెచ్‌ఎక్స్-20. బరువు 1.6 కిలోలు, సైజు ఒక లాంగ్ నోట్‌బుక్ అంత. స్క్రీన్ మీద 4 లైన్లు, లైనుకి 20 అక్షరాలు, అంతే. కానీ అందులోనే చిన్న ప్రింటర్, చిన్న క్యాసెట్. మన కండక్టర్ చేతిలో టికెట్ మెషీన్ ఉంటుంది చూడండి, దానికి తాతలాంటిది అనుకోండి.

1983లో వచ్చింది టీఆర్‌ఎస్-80 మోడల్ 100. నవ్వకండి, టీఆర్‌ఎస్ అంటే ఇక్కడ టాండీ రేడియో షాక్. జపాన్‌లో క్యోసెరా తయారు చేసింది, అమెరికాలో రేడియో షాక్ అమ్మింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన మెషీన్ ఇదే. బరువు 1.4 కిలోల దగ్గర. 8 లైన్ల స్క్రీన్, లైనుకి 40 అక్షరాలు. మెమరీ 8 కేబీ నుంచి మొదలు. మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క గుడ్ మార్నింగ్ ఫోటోకే అంతకి ఎన్నో రెట్లు కావాలి. కానీ కీబోర్డు మాత్రం ఫుల్ సైజు, టైపు చేస్తుంటే హాయిగా ఉండేది అంటారు. స్విచ్ నొక్కగానే ఆన్ అవుతుంది, బూటింగ్ అనే మాటే లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే దాదాపు 20 గంటలు. పెన్సిల్ సెల్స్ అండి, కిరాణా కొట్లో దొరికేవి! లోపల మోడెమ్ ఉంది. దాన్ని టెలిఫోన్ లైనుకి తగిలిస్తే, సెకనుకి ఓ 30 అక్షరాల స్పీడులో, మీరు రాసింది అవతలికి వెళ్లిపోతుంది.

దీన్ని పట్టుకుని ఎగిరి గంతేసింది జర్నలిస్టులు. స్టేడియంలో కూర్చుని రాసి, హోటల్ ఫోన్ నుంచి ఆఫీసుకి పంపేవాళ్లు. అందులోని సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం బిల్ గేట్స్ స్వయంగా రాశాడు. తాను అంత ఎక్కువ కోడ్ రాసిన చివరి ప్రోడక్ట్ అదేనని ఆయనే తర్వాత చెప్పాడు. ధర 1,099 డాలర్ల నుంచి. ఇది అన్ని పనులూ చేస్తానని చెప్పలేదు. రాస్తావు, పంపుతావు, అంతే. ఆ పని కోసం బ్యాగులో వేసుకుని తిరిగే మనిషికి ఏం కావాలో అదంతా ఇచ్చింది, మిగతాది వదిలేసింది. నన్నడిగితే ప్రయాణం కోసం మెషీన్ చేయడం అంటే ఇదే.

తర్వాత తొంభైల్లోకి గబగబా వెళ్దాం, ఎందుకంటే అక్కడ మన బడ్జెట్‌కి ఏమీ లేదు. 1996లో తోషిబా లిబ్రెటో వచ్చింది, 840 గ్రాములు, ఒక మందపాటి నవల సైజు, అందులో ఫుల్ విండోస్. తర్వాత సోనీ వాయో చిన్నవి. అన్నీ అందంగా ఉండేవి, అన్నీ ఖరీదే. అప్పటి లెక్క ఏంటంటే, చిన్నది కావాలంటే పార్టులు స్పెషల్‌గా చేయించాలి, స్పెషల్ అంటే డబ్బు. చిన్న ల్యాప్‌టాప్ అంటే పెద్ద ఆఫీసర్ చేతిలో ఉండేది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఒక కవర్లోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు కదా, ధర 1,799 డాలర్లు. ఆస్బోర్న్ 1 ధర ఎంతన్నాను? 1,795. 27 ఏళ్లలో 11 కిలోలు కాస్తా 1.36 కిలోలు అయింది. డాలర్ విలువ తగ్గింది నిజమే, కానీ స్టిక్కర్ మీద నంబర్ మాత్రం నాలుగు డాలర్లు పెరిగింది. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నేను కాసేపు అలా కూర్చుండిపోయాను.

అయితే ఆ ఎయిర్ రావడానికి మూడు నెలల ముందే తైవాన్‌లో ఈ లెక్క తిరగబడింది. దాని వెనక ఒక ఆకుపచ్చ బొమ్మలాంటి కంప్యూటర్ ఉంది.

2005లో ఎమ్‌ఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపొంటె, పేద దేశాల పిల్లలకి వంద డాలర్ల ల్యాప్‌టాప్ చేస్తాను అన్నాడు. ప్రాజెక్ట్ పేరు వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్. ఆ నవంబర్‌లో ట్యునీషియాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో నమూనా చూపించారు. కరెంటు లేని ఊళ్ల కోసం పక్కన పసుపు రంగు హ్యాండిల్, తిప్పితే చార్జ్ అవుతుంది. పక్కనే ఉన్న కోఫీ అన్నన్ ఆ హ్యాండిల్ తిప్పబోతే అది ఊడి చేతిలోకి వచ్చింది! చివరికి అమ్మిన మోడల్‌లో ఆ హ్యాండిల్ లేనే లేదు. ధర కూడా వంద దగ్గర ఆగలేదు, 2007లో తయారీ మొదలయ్యే నాటికి దాదాపు 188 డాలర్లు. మన కేంద్ర ప్రభుత్వం 2006లోనే మాకొద్దు అనేసింది. ఉరుగ్వే మాత్రం తీసుకుని ప్రైమరీ స్కూల్ పిల్లలందరికీ పంచింది.

ప్రాజెక్ట్ అనుకున్నంత సక్సెస్ కాలేదు. కానీ ఒక పని చేసింది. ఎండలో కూడా కనిపించే స్క్రీన్, హార్డ్ డిస్క్ బదులు ఫ్లాష్ మెమరీ, తక్కువ కరెంటు తినే ప్రాసెసర్, ఫ్రీ లైనక్స్, వీటితో చవగ్గా చిన్న ల్యాప్‌టాప్ చేయొచ్చని కంపెనీలకి అర్థమైంది. పిల్లల కోసం అనుకున్నదాన్ని పెద్దలకి అమ్మితే?

2007 జూన్‌లో తైపీలో జరిగిన కంప్యూటెక్స్ షోలో ఆసుస్ వాళ్లు ఈ పీసీ అని ఒకటి చూపించారు. మూడు 'ఈ'లు రాసేవాళ్లు, నేర్చుకోవడం ఈజీ, పని ఈజీ, ఆట ఈజీ అని. 199 డాలర్లు అన్నారు. అక్టోబర్‌లో అమ్మకానికి వచ్చేసరికి 4 జీబీ మోడల్ అమెరికాలో 399 అయింది, అది వేరే సంగతి. 7 అంగుళాల స్క్రీన్, 920 గ్రాములు, 512 ఎమ్‌బీ ర్యామ్, 4 జీబీ ఫ్లాష్, లైనక్స్. లోపల 900 మెగాహెర్ట్జ్ సెలెరాన్, దాన్ని కూడా తగ్గించి 630 దగ్గర నడిపించారు. కాగితం మీద చూస్తే నవ్వొస్తుంది. కానీ జనం ఎగబడ్డారు. అప్పటిదాకా చిన్నది అంటే ఖరీదు, ఇప్పుడు చరిత్రలో మొదటిసారి చిన్నది కాబట్టే చవక. ఎందుకు? ఆసుస్ వాళ్లు కూడా ఆస్బోర్న్ లాగే ఆలోచించారు. అప్పట్లో కార్లలో పెట్టే డీవీడీ ప్లేయర్ల వల్ల 7 అంగుళాల స్క్రీన్లు కుప్పలుగా దొరికేవి. ఉన్నదాంతో సర్దారు.

ఏడాది తిరిగేసరికి ఏసర్, డెల్, హెచ్‌పీ, లెనోవో, ఎమ్‌ఎస్‌ఐ, శామ్‌సంగ్, అందరూ దిగిపోయారు. మన దేశంలో హెచ్‌సీఎల్ కూడా 2008 మొదట్లోనే మైలీప్ అని 14 వేల లోపు ఒకటి తెచ్చింది. వీటన్నిటికీ నెట్‌బుక్ అని పేరొచ్చింది. ఆ పేరు మాదే అని సైయన్ అనే బ్రిటిష్ కంపెనీ నోటీసులు కూడా పంపింది. 1999లో వాళ్లు ఆ పేరుతోనే ఒక మెషీన్ అమ్మారు మరి. 2009లో రాజీ అయ్యారు.

ఇప్పుడు అసలు కథ. ఈ చోటు జాగ్రత్తగా వినండి.

ఈ పీసీ మీద లైనక్స్ ఉండటం మైక్రోసాఫ్ట్‌కి తలనొప్పి. వాళ్ల కొత్త విండోస్ విస్టా ఆ చిన్న మెషీన్ల మీద నడవదు, అంత బరువు. పాత ఎక్స్‌పీని 2008 జూన్‌తో ఆపేద్దామనుకున్నారు. ఇప్పుడు ఆపితే ఈ మార్కెట్ మొత్తం లైనక్స్‌కి పోతుంది. అందుకని చవక చిన్న ల్యాప్‌టాప్‌లకి మాత్రం ఎక్స్‌పీ హోమ్‌ని 2010 దాకా తక్కువ ధరకి ఇస్తామన్నారు. కానీ షరతులు పెట్టారు. అప్పట్లో టెక్ పత్రికలు బయటపెట్టిన లెక్క ప్రకారం స్క్రీన్ దాదాపు 10 అంగుళాలు దాటకూడదు, ర్యామ్ 1 జీబీ మించకూడదు, హార్డ్ డిస్క్‌కి కూడా ఒక గీత. దాటితే ఆ చవక విండోస్ దొరకదు.

అర్థమైందా? 2009లో మీరు ఏ షాపుకెళ్లి ఏ కంపెనీ నెట్‌బుక్ చూసినా 1 జీబీ ర్యామే. పోటీ పడే పది కంపెనీలు అచ్చం ఒకే స్పెక్స్ ఎందుకు పెడతాయి? ఇంకో జీబీ ర్యామ్ పెట్టడం వాళ్లకి చేతకాక కాదు. కంపెనీల భయం ఏంటంటే, 20 వేల మెషీన్ బాగా పనిచేస్తే 50 వేల మెషీన్ ఎవరు కొంటారు? అందుకే అది కొంచెం ఇబ్బంది పెట్టాలి. విండోస్ 7 వచ్చాక దీనికి స్టార్టర్ అని ఒక వెర్షన్ ఇచ్చారు. అందులో వాల్‌పేపర్ మార్చుకోవడానికి కూడా వీల్లేదు. మొదట ఒకేసారి మూడు ప్రోగ్రాములే నడుస్తాయి అనే రూల్ కూడా పెడదామనుకున్నారు, జనం గోల చేస్తే ఆ ఒక్కటీ వెనక్కి తీసుకున్నారు. వాల్‌పేపర్ మార్చడానికి ప్రాసెసర్ పవర్ ఎంత కావాలి చెప్పండి? సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చెప్తున్నాను, అది టెక్నికల్ పరిమితి కాదు, కావాలని వేసిన తాళం.

హార్డ్‌వేర్ వైపు ఇంటెల్ ఆటమ్. 2008లో వచ్చిన ఆటమ్ ఎన్270 ప్రాసెసర్ 2.5 వాట్లే తీసుకుంటుంది, అద్భుతం. కానీ దాని పక్కన పెట్టిన పాత చిప్‌సెట్ అంతకంటే ఎక్కువ తాగేది! పొదుపు చేసే కొడుకు, ఖర్చు పెట్టే అల్లుడు లాగా. స్క్రీన్లు ఎక్కువగా 1024 బై 600. సెట్టింగ్స్ విండో తెరిస్తే ఓకే బటన్ స్క్రీన్ కింద ఎక్కడో ఉండిపోయేది, ట్యాబ్ కీ నొక్కి గుడ్డిగా ఎంటర్ కొట్టాలి. మా సీనియర్ అన్నయ్య ఒకాయన దీని మీద జోకులేసేవాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. తప్పంతా పెద్ద కంపెనీలదే అనడం సులువు. జనం కూడా లైనక్స్ మెషీన్లు కొని, ఇందులో నాకు తెలిసిన విండోస్ లేదే అని తిరిగి ఇచ్చేశారు. లైనక్స్ మోడల్స్ రిటర్న్స్ విండోస్ వాటికి నాలుగు రెట్లు ఉన్నాయని ఎమ్‌ఎస్‌ఐ వాళ్లే 2008లో చెప్పారు. మోడల్ 100 కొన్న జర్నలిస్టుకి అది దేనికో తెలుసు. నెట్‌బుక్ కొన్న చాలామంది అది పెద్ద ల్యాప్‌టాప్‌కి బుజ్జి తమ్ముడు అనుకున్నారు.

2010 జనవరిలో ఐప్యాడ్ వచ్చింది. నెట్‌బుక్కులు దేనిలోనూ మెరుగు కాదని జాబ్స్ స్టేజి మీదే తీసిపారేశాడు. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అని సన్నటి ఖరీదైన ల్యాప్‌టాప్‌లని ముందుకు తోసింది. అదే ఏడాది గూగుల్ క్రోమ్‌బుక్ మొదలైంది. 2013 వచ్చేసరికి ఆసుస్, ఏసర్ నెట్‌బుక్కులు ఆపేశాయి. అయిదేళ్లలో మొత్తం సీన్ ముగిసింది.

మధ్యలో మనదో చిన్న కథ. 2011 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ విడుదల చేసింది, గుర్తుందా? ల్యాప్‌టాప్ కల కాస్తా ట్యాబ్లెట్ అయింది. డేటావిండ్ కంపెనీది, అసెంబ్లీ జరిగింది మన హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎమ్‌బీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని టచ్ స్క్రీన్. ధర మీద పెట్టిన శ్రద్ధలో సగం వాడే పిల్లాడి మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇక 2014. ఫిబ్రవరిలో మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. ఏప్రిల్‌లో, 9 అంగుళాల లోపు డివైస్‌లకి విండోస్ ఫ్రీ అన్నారు. కొద్ది రోజులకే చవక ల్యాప్‌టాప్‌ల కోసం ఇంకో తక్కువ ధర వెర్షన్ వచ్చింది. మన తెలుగాయన అని మనం కాలర్ ఎగరేశాం, ఎగరేయొచ్చు కూడా, ఎందుకంటే ఆ ఏడాది చివరికి 199 డాలర్లకి 11 అంగుళాల ల్యాప్‌టాప్‌లు వచ్చేశాయి. హెచ్‌పీ స్ట్రీమ్, ఆసుస్ ఈబుక్. మన దగ్గర 2016లో ఐబాల్ 9,999 రూపాయలకే కాంప్‌బుక్ అని తెచ్చింది. నెట్‌బుక్ పేరు మారి తిరిగొచ్చింది.

ఈసారి తీసేసింది ఏంటి? స్టోరేజ్. దాదాపు అన్నిటిలో 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ. ఈఎమ్‌ఎమ్‌సీ అంటే మీ పాత ఫోన్‌లో ఉండే మెమరీ లాంటిది, మదర్‌బోర్డుకే అతికించేస్తారు. ఎస్‌ఎస్‌డీ లాగా స్క్రూ విప్పి పెద్దది వేసుకోలేం. విండోస్, దాని అప్‌డేట్లు మాత్రం ఏటేటా లావెక్కుతూనే ఉంటాయి. 32 జీబీలో అవి పట్టక ప్రపంచమంతా జనం తలలు పట్టుకున్నారు. నా పన్నెండు వేల కథ కూడా ఇదే బ్యాచ్. అప్పట్లో నేను వైరస్ వచ్చిందనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ మెషీన్ ఎన్నాళ్లు బతకాలో డబ్బాలోంచి తీసేరోజే రాసి పెట్టి ఉంది.

సరే, మా చెల్లి దగ్గరికి వద్దాం. ఆమె పంపింది జియోబుక్ తరహాది. 2023లో జియో వాళ్లు 16,499కి తెచ్చారు, 990 గ్రాములు, 4జీ సిమ్ స్లాట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్‌ఎమ్‌సీ, ఫోన్ ప్రాసెసర్. ఆన్‌లైన్ క్లాసు, బ్రౌజింగ్, నోట్స్ అయితే అది మోడల్ 100 లాగా దాని పని అది చేస్తుంది, నేను చెడ్డది అనను. కానీ ఈమె ఆఫీసు పంపేది విండోస్‌లో నడిచే ఆడిట్ సాఫ్ట్‌వేర్. జియోబుక్‌లో విండోస్ లేదు. పోనీ అదే ధరలో దొరికే చిన్న విండోస్ మెషీన్లు చూద్దామంటే, విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఆ మెషీన్లలో సరిగ్గా అంతే పెడతారు. కనీసం అన్నది వాళ్లకి గరిష్ఠం అయిపోయింది. 32 పోయి 64 వచ్చింది, కథ మారలేదు.

"అయితే 25 వేలకి నాకు చిన్నది రాదా?" అంది. వస్తుంది, కానీ కొత్తది కాదు అన్నాను.

ఎందుకో చూడండి. తొంభైల నుంచీ మంచి చిన్న ల్యాప్‌టాప్‌లు చేసింది ఆఫీసర్ల కోసమే అన్నాను కదా. ఆ లైను ఎప్పుడూ ఆగలేదు. ఆ ఆఫీసులు నాలుగైదేళ్లకి వాటిని మార్చేస్తాయి. అవి రీఫర్బిష్డ్‌గా మన రేంజ్‌లోకి వస్తాయి. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280, డెల్ లాటిట్యూడ్ 7290 లాంటివి. రెండూ 12.5 అంగుళాలు, కిలోంపావు అటూ ఇటూ, రెండింటిలోనూ ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు, టైప్-సీతో చార్జ్ అవుతాయి. థింక్‌ప్యాడ్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి 8 జీబీకి తక్కువ ఉన్నది ముట్టుకోవద్దు. ప్రాసెసర్ ఇంటెల్ 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతది ఉండాలి, లేకపోతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో సపోర్ట్ ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్ క్రోమ్‌బుక్ చూసేవాళ్లు కూడా దానికి అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో చూసుకోండి, ప్రతి మోడల్‌కీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది.

టైప్-సీ గురించి ఒక్కమాట. తిరిగే మనిషికి ల్యాప్‌టాప్ బరువు ఎంతో, చార్జర్ బరువూ అంతే ముఖ్యం. వెబ్‌సైట్లో కిలో అని రాస్తారు, ఇటుకరాయి లాంటి అడాప్టర్ లెక్కలో ఉండదు. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకటే 65 వాట్ చార్జర్ ఉంటే బ్యాగు సగం తేలికవుతుంది.

పోయిన ఆదివారం ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. మనందరికీ సీటీసీ అంటే తెలుస్తుంది. నాలుగు షాపులు తిరిగాం. ప్రతి చోటా నేను చేసింది ఒకటే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టడం. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది రెండూ చూపిస్తుంది. ఒక షాపులో సగానికి పడిపోయింది. "బ్యాటరీ కొత్తదేనండీ" అంటున్నాడు షాపతను. రిపోర్ట్ చూపిస్తే నవ్వి, "మీరు ఐటీనా సార్?" అన్నాడు. నాలుగో షాపులో లాటిట్యూడ్ 7290 దొరికింది. 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ 80 శాతం పైన. మూత మీద ఏదో కంపెనీ ఆస్తి స్టిక్కర్ పీకిన జిగురు మరక. 21,500. ఆర్నెల్ల వారంటీ బిల్లు మీద రాయించాం.

మరక చూసి మొదట మొహం ముడుచుకుంది, కొత్తది కాదు కదా అని. తర్వాత చేతిలోకి తీసుకుని ఒకసారి ఎగరేసినట్టు బరువు చూసి, "అన్నయ్యా, నా టిఫిన్ బాక్స్ కూడా పడుతుంది ఇందులో" అని బ్యాగులో పెట్టుకుంది. నిన్న మాచర్ల బస్టాండ్ నుంచి మెసేజ్ పెట్టింది. బస్సులో రిపోర్ట్ పూర్తి చేసిందట, ఇంకా 40 శాతం చార్జింగ్ ఉందట. మరక మీద పిల్లి బొమ్మ స్టిక్కర్ అంటించిన ఫోటో కూడా పంపింది.